భ్రమణం: తిప్పిన అచ్చు, తిరగబడిన బొమ్మ

మచిలీపట్నం దగ్గరి పెడనలో కలంకారీ అద్దకంవారు చెక్క అచ్చుకు రంగు అద్ది బట్టపై ఒత్తుతారు. దుప్పటి అంచు మలుపు తిరిగే మూలలో అచ్చును 90° తిప్పి వేస్తే పువ్వు వాలే దిక్కు మారుతుంది. ఆకారం, పరిమాణం మారవు. భ్రమణమంటే ఇదే.

గళ్ళ కాగితంపై క(2, 1), ఖ(5, 1), గ(5, 3) బిందువులతో త్రిభుజం గీయండి. మూలబిందువు చుట్టూ అపసవ్య దిశలో 90° తిప్పాలంటే, ప్రతి బిందువు నిరూపకాలను తారుమారు చేసి, కొత్తగా మొదటి స్థానంలోకి వచ్చిన సంఖ్య గుర్తు మార్చాలి. క(−1, 2), ఖ(−1, 5), గ(−3, 5) వస్తాయి.

మీ తరగతిలో పిల్లలు తడబడేది ఇక్కడే. గుర్తు సంగతి మరిచి (1, 2), (1, 5), (3, 5) అని రాస్తారు. భుజాల పొడవులు సరిపోతాయి కనుక స్కేలుతో కొలిచినా తప్పు దొరకదు. క నుంచి ఖ, గ మీదుగా వేలు నడిపించి చూడమనండి. మొదటి త్రిభుజంలో వేలు అపసవ్యంగా తిరుగుతుంది, ఇందులో సవ్యంగా. అంటే ఇది అద్దంలో బొమ్మ, పరావర్తనం. ఒకవైపే చెక్కిన అచ్చును బట్టపై ఎన్ని విధాల తిప్పినా ఇది పడదు. వేరే అచ్చు చెక్కించవలసిందే.

సవ్య దిశలో 90° తిప్పితే ఏ సంఖ్య గుర్తు మారుతుందో ఇదే త్రిభుజంతో మీరే కనుక్కోండి.