పరమాణువు వణుకులో పరికరం ఆయుష్షు

పెద్దమందడి: వనపర్తి జిల్లా పెద్దమందడి పల్లెల్లో నేడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. వేలు పోసి కొన్న వస్తువు ఎన్నేళ్లు మన్నుతుందన్నది అందరికీ పట్టే విషయమే. అందులోని చిప్పు మన్నిక కంటికి కనిపించని పరమాణువుల వణుకుపైన కూడా ఆధారపడి ఉండటం విశేషం.

చిప్పుకు మూలపదార్థం ఇసుక నుంచి తీసే సిలికాన్. దానిని ముందు బాగా శుద్ధి చేసి, తర్వాత భాస్వరం, బోరాన్ వంటి అన్య పరమాణువులను లెక్క ప్రకారం కలుపుతారు. పాలలో నీళ్లు కలిపితే కల్తీ, తోడు వేస్తే పెరుగు. ఇదీ అటువంటిదే. సిలికాన్ పైపొర వద్ద తెగి ఉన్న బంధాలను మూయటానికి హైడ్రోజన్‌ను కూడా పట్టిస్తారు.

చిక్కంతా ఈ హైడ్రోజన్‌తోనే. కరెంటు పారేటప్పుడు ఎలక్ట్రాన్లు తగిలి అది వణుకుతుంది. ఆ వణుకు అణగక ముందే మరో దెబ్బ తగిలితే శక్తి పోగుపడి, చివరకు హైడ్రోజన్ ఊడిపోతుంది. అలుగు పారే చెరువుకు కట్ట తెగదు. నీరు పోయే దారి లేకుంటేనే తెగుతుంది. బంధాలు ఊడిన కొద్దీ చిప్పు బలహీనపడుతుంది.

మరి ఆ వణుకు ఎంతసేపు ఉంటుంది? 2001లో అమెరికాలో శాస్త్రజ్ఞులు సిలికాన్ స్ఫటికాన్ని సున్నాకు దిగువన 263 డిగ్రీల వరకు చల్లబరిచి, లేజర్ కాంతితో దీనిని కొలిచారు. ఒక కాంతి తునక వణుకు పుట్టిస్తే, వెనుక వచ్చే రెండోది ఇంకా ఎంత మిగిలిందో చెబుతుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, సిలికాన్ పరమాణువుల నడుమ ఇరుక్కున్న హైడ్రోజన్ వణుకు 4.2 భాగాలు నిలిచింది. పరమాణువు లేని ఖాళీలో చేరిన హైడ్రోజన్‌ది 295 భాగాలు. ఆ వ్యవధిలో కాంతి సైతం పోయేది బెత్తెడు దూరమే. చేరిన చోటును బట్టి 70 రెట్ల తేడా రావటం గమనార్హం.

దీనికి విరుగుడు అంతకు ముందే, 1996లో, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో లైడింగ్, హెస్ ప్రభృతులు చూపారు. మామూలు హైడ్రోజన్‌కు బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం పట్టిస్తే ట్రాన్సిస్టర్ల ఆయుష్షు 10 నుంచి 50 రెట్లు పెరిగింది. దాని వణుకు సిలికాన్ వణుకుతో దాదాపు సరితూగటం వల్ల శక్తి త్వరగా సిలికాన్‌లోకి జారిపోతుందని శాస్త్రజ్ఞుల వివరణ. అంటే అలుగు దొరికినట్టే.

ఈ డ్యుటీరియం మనకు కొత్తది కాదు. మామూలు నీటిలోని ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి అదే. మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి గోదావరి నీటిలోని ఈ డ్యుటీరియాన్నే భారజలం రూపంలో వేరుచేస్తున్నది. అయితే వేరుచేయటం ఖర్చుతో కూడిన పని కావటం వల్ల ప్రతి చిప్పుకూ దానిని వాడటం లేదు.