తేలినీలాపురం పక్షులు

తెలంగాణ చెరువులలో నీరు ఇంకి మోకాటి లోతుకు దిగినప్పుడు కొన్ని పెద్ద కొంగలు వచ్చి మేస్తూ ఉంటవి. పసుపుపచ్చని పొడుగు ముక్కు, తోకమీద గులాబివన్నె ఈకలు వాటి గుర్తులు. చొప్పదండి వంటి ఊళ్ళ విద్యార్థులు వీటిని చూచినప్పుడు సహజంగా ఒక ప్రశ్న పుడుతుంది. ఇవి గూళ్ళు ఎక్కడ కట్టుకొంటవి? ఈ ప్రశ్నకు చక్కని సమాధానం సముద్రతీరాన ఉన్న ఒక చిన్న గ్రామంలో దొరుకుతుంది.

ఆ గ్రామం పేరు తేలినీలాపురం. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి సమీపాన ఉన్నది. దాని చేరువనే నౌపడ ఉప్పు మళ్ళు, తంపర భూములు కలవు. అక్కడ పెద్ద కోటలుగాని, శిల్పాలుగాని లేవు. ఇండ్ల నడుమ ఉన్న చెట్లే దాని సంపద. వానకాలం చివర రంగుల కొంగలు, వాటితోబాటు గూడబాతులు గుంపులుగా వచ్చి ఆ చెట్లపై గూళ్ళు కట్టుకొంటవి. వేసవి ముదిరేలోగా పిల్లలతో వెళ్ళిపోతవి.

ఇవి సైబీరియానుండి వస్తవని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. శీతలదేశాలనుండి వలస వచ్చే పక్షులు ఇక్కడ చలికాలం గడిపి, ఆహారం తిని పోతవి. గూళ్ళు మాత్రం వేసవిలో తమ దేశంలోనే కట్టుకొంటవి. ఇక్కడ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచే పక్షి ఇక్కడిదే. ఈ గూడబాతు దక్షిణ భారతం, అస్సాం, శ్రీలంక, కంబోడియా వంటి కొద్ది ప్రాంతాలలోనే గూళ్ళు కడుతుంది.

మరి ఆ కాలమే ఎందుకు? వర్షాలకు నిండిన జలాశయాలలో చేపలు వృద్ధి చెందుతవి. తరువాత నీరు తగ్గినకొద్దీ చేపలు కొద్ది చోటులోనే గుమికూడుతవి. సరిగా అప్పుడే గూళ్ళలోని పిల్లలకు ఎక్కువ తిండి కావాలి. రెండు పక్షులూ చేపలనే తిన్నా వేటపద్ధతులు వేరు. రంగుల కొంగ లోతులేని నీటిలో ముక్కు కొంచెం తెరచి అటూ ఇటూ కదుపుతుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకొంటుంది. కంటితోకాక స్పర్శతో పట్టడంచేత దానికి బురదనీరు అడ్డుకాదు. గూడబాతు ఈదుతూ, రైతు గూడతో నీరు తోడినట్లు, ముక్కు క్రింది సంచితో చేపను నీటితోసహా తోడుకొంటుంది. తరువాత నీటిని వదలి చేపను మింగుతుంది.

గూడబాతు సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి సుమారు ఒక నెల పడుతుంది. పిల్లలు ఎగరడానికి మరి మూడు నెలలకు పైగా కావాలి. అన్నాళ్ళు చెట్టుకు, గూటికి భద్రత ఉండాలి. తేలినీలాపురంలో ఆ భద్రతను గ్రామస్థులే కల్పించినారు. పక్షుల రాకను శుభసూచకంగా భావించి, రెట్టల వాసననూ రొదనూ ఓర్చుకొని, వాటికి హాని జరగనివ్వరు.

ఈ ఓర్పు విలువ కొల్లేటి కథవలన తెలుస్తుంది. కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద గూళ్ళవాడను 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ గుర్తించినాడు. ఆనాడు అది చాల పెద్దది. అయినా 1975 ప్రాంతానికి అది అంతరించినది. గూళ్ళవాడ ఎంత పెద్దదైనా శాశ్వతం కాదన్నమాట.

తేలినీలాపురానికీ ఆపదలు తప్పలేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఆ ప్రాంతంలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చినది. 2021–22 శీతకాలంలో అనేక గూడబాతులు మరణించినవి. చేపలద్వారా సోకే ఒక రకపు నులిపురుగులే ఇందుకు కారణమని భావించినారు. కనుక చెట్టును కాపాడితే చాలదు. చేప పెరిగే నీరుకూడ శుభ్రంగా ఉండాలి.

పక్షికి ఊరి పొలిమేర తెలియదు. ఒకచోట గూడు కడుతుంది, మరొకచోట మేస్తుంది. కాబట్టి తీరాన ఉన్న చింతచెట్టు ఎంత అవసరమో, దూరాన ఉన్న చెరువూ అంతే అవసరం. ఈసారి ఊరి చెరువులో రంగుల కొంగ కనిపించినప్పుడు విద్యార్థులు తేదీని, సంఖ్యను, నీటి లోతును పుస్తకంలో వ్రాసుకోవాలి. సమీపంలో గూళ్ళు ఉన్నవేమో వెదకాలి. కొన్నేండ్లు ఇట్లా వ్రాస్తే, ఆ చెరువు పక్షులకు ఎంత ముఖ్యమో ఊరికే తెలియజెప్పవచ్చును.