మద్రాసులో దొరికిన ఏషియా

67 ఏషియా కుజుడికీ గురుడికీ మధ్యనున్న ప్రధాన పట్టీలో తిరిగే గ్రహశకలం. ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ దీన్ని 1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీ నుంచి కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం కాబట్టి ఆ పేరు పెట్టాడు.

ఆకాశాన్ని ఫొటో తీసి వెతికే వీలు అప్పటికి లేదు. టెలిస్కోపులో గ్రహశకలం కూడా నక్షత్రంలాగే ఒక చుక్క. నక్షత్ర పటం దగ్గర పెట్టుకుని చుక్కచుక్కనూ దానితో పోల్చుకుంటూ పోవాలి. పటంలో లేనిది కనిపిస్తే మర్నాటి రాత్రి మళ్లీ చూడాలి. కదిలితే అది నక్షత్రం కాదు. సూర్యుడికి ఎదురుదిక్కున ఉన్నప్పుడు ఇలాంటి గ్రహశకలం రోజుకు సుమారు పావు డిగ్రీ, అంటే చందమామ వెడల్పులో సగం, పడమరకు జరుగుతుంది. నిజంగా అది వెనక్కి నడవడం లేదు. లోపలి కక్ష్యలో వేగంగా పోయే భూమి దాన్ని దాటుతున్నందువల్ల అలా కనిపిస్తుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. టెలిస్కోపు దిక్కు చూపిస్తుంది గానీ దూరం చెప్పదు. ఒక్కో పరిశీలనలో దొరికేవి రెండు కోణాలే. కక్ష్య ఎంత పెద్దది, ఎంత కోలగా ఉంది, ఎంత వాలింది, ఎటు తిరిగి ఉంది, గ్రహశకలం అందులో ఎక్కడుంది అన్నవి తేలాలంటే ఆరు రాశులు కావాలి. వేర్వేరు రాత్రుల్లో చేసిన మూడు పరిశీలనల్లో సరిగ్గా ఆరు కోణాలుంటాయి. వాటినుంచి కక్ష్యను రాబట్టే దారిని 1801లో, సూర్యకాంతిలో కనుమరుగైన సిరీస్ అనే గ్రహశకలం కోసం గణితవేత్త గాస్ చూపాడు. గణితం ఖగోళశాస్త్రానికి చేసిన గొప్ప ఉపకారాల్లో అదొకటి.

సూర్యుడి నుంచి ఏషియా సగటు దూరం భూమి దూరానికి 2.42 రెట్లు, దాదాపు 36 కోట్ల కిలోమీటర్లు. కెప్లర్ మూడో నియమం ప్రకారం ఈ 2.42ను ఘనం చేసి వర్గమూలం తీస్తే అది సూర్యుణ్ణి ఒకసారి చుట్టివచ్చే కాలం వస్తుంది: సుమారు 3.77 సంవత్సరాలు. కుజుడి ఏడాదికి ఇది దాదాపు రెట్టింపు. కక్ష్య కోలగా ఉండటంతో దూరం 30 కోట్ల నుంచి 43 కోట్ల కిలోమీటర్ల దాకా మారుతుంది. భూకక్ష్యా తలానికి వాలు 6 డిగ్రీలు. వ్యాసం 60 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ.

పాగ్సన్ మద్రాసు నుంచి మరో నాలుగింటిని కనిపెట్టాడు: సాఫో, సిల్వియా, కమిల్లా, 1885లో వేరా. ఆ తర్వాత భారతదేశం నుంచి మళ్లీ ఒక గ్రహశకలం దొరకడానికి వందేళ్లు దాటింది. 1988లో కావలూరు వేధశాల నుంచి ఆర్. రాజమోహన్ కనిపెట్టిన ఆ గ్రహశకలానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. దాని సంఖ్య 4130.