జొరమొస్తే సూదేనా? ఆ తెల్ల పొడి సీసా ఎప్పుడు పని చేస్తాది, ఎప్పుడు చెయ్యదు

మన ఊళ్లల్లో జొరమొచ్చినోడు ఆర్‌ఎంపీ కాడికెళ్లి 'ఈ జొరం ఎందుకొచ్చినాది?' అని అడగడు. 'ఓ సూదెయ్యండి బాబూ, రేపు పన్లోకి ఎల్లాల' అంటాడు. కూలి పోతాదని అతని బాధ. సూదెయ్యకపోతే ఇంకొకరి కాడికి పోతాడని ఆర్‌ఎంపీ బాధ. ఇద్దరి మధ్యన ఓ చిన్న సీసా ఇరిగిపోతాది. అందులో తెల్ల పొడి, దాని పేరు సెఫ్ట్రియాక్సోన్. మోనోసెఫ్ లాంటి పేర్లతో దొరుకుతాది.

ముందు ఒక మాట. ఇది చెడ్డ మందు కాదు, చాలా గొప్ప మందు. 1980ల మొదట్లో రోష్ కంపెనీ తెచ్చినాది. ఒంట్లో ఎక్కువసేపు నిలబడతాది కాబట్టి చాలా జబ్బులకి రోజుకి ఒక్కసారి ఇస్తే చాలు. ముదిరిన టైఫాయిడ్, ఆస్పత్రిలో చేర్చాల్సిన నిమోనియా, కిడ్నీకెక్కిన మూత్రం ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు, వీటిలో ప్రాణం నిలబెడతాది. మెదడు పొరల వాపులో అయితే గంట ఆలస్యం కూడా ప్రమాదమే.

మరి ఇది ఎలగ పని చేస్తాది? బాక్టీరియా తన చుట్టూ ఓ గోడ కట్టుకుంటాది. ఈ మందు ఆ గోడని కట్టనివ్వదు. గోడ లేక బాక్టీరియా చచ్చిపోతాది. ఇంతే కిటుకు. అంటే గోడ లేని వాటి మీద ఇది పని చెయ్యదు. డెంగీ వైరస్‌కి గోడ లేదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో వచ్చే మలేరియా అసలు బాక్టీరియానే కాదు.

'మరి సూదేస్తే తగ్గినాది కదా' అంటారు. చాలా వైరల్ జొరాలు మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. రెండో రోజు సూదేస్తే నాలుగో రోజు తగ్గినట్టు కనిపిస్తాది. కాకి వాలినాదని తాటిపండు రాలినాదనడం లాంటిదే ఇది.

అసలు ప్రమాదం స్క్రబ్ టైఫస్ కాడ ఉన్నాది. 2025 చివర్లో ఈ పేరు మన జిల్లాల్లో గట్టిగా వినబడినాది. పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగు పిల్ల కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు జొరం మొదలవుతాది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి. చంకలోనో, గజ్జల్లోనో, నడుం కాడో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పుండు ఉండొచ్చు. నొప్పుండదు, అందుకే ఎవరూ చూసుకోరు. అందరికీ ఉండదు కూడా.

ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటాది. సెఫ్ట్రియాక్సోన్‌కి దొరికేంత గోడ దానికి లేదు. ఎన్ని సీసాలెక్కించినా దానికేటీ కాదు. ఆ ఐదారు రోజుల్లో ఊపిరితిత్తులకి, కిడ్నీలకి ఎక్కేస్తాది. అప్పుడు కేజీహెచ్‌కి పరిగెడతాం. దీనికి కావలసింది డాక్సీసైక్లిన్. పెద్దోళ్లకి మామూలుగా 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు, డాక్టరు చెప్పినన్ని రోజులు. గర్భిణులకి అజిత్రోమైసిన్. సరైన మందు పడితే చాలామందికి రెండు రోజుల్లో జొరం దిగుతాది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలు నడిపించిన రోజుల్లోనే ఈ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చినాది. మన తెలుగోడి చెయ్యి పడిన జాతి మాత్ర చౌకగా దొరుకుతుంటే, మనం పనికిరాని సూది కోసం డబ్బులు పోస్తున్నాం.

అనవసరంగా వాడితే ఇంకో నష్టం ఉన్నాది. క్రిములు మందుకి అలవాటు పడిపోతాయి. టైఫాయిడ్‌కి ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ బెమ్మాండంగా పని చేసేది, ఇప్పుడు మన దేశంలో చాలావరకు చెయ్యదు. పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో 2016లో సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ పుట్టినాది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 'జాగర్తగా కాపలా కాసి వాడాల్సిన' మందుల జాబితాలో పెట్టినాది. మన దేశంలో 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్‌1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నోళ్ల పేరు రిజిస్టర్‌లో రాయాల.

ఇంట్లో మంచం మీద ఎక్కించుకునే మందు కూడా కాదిది. కొందరికి పడక నిమిషాల్లో ఊపిరాడదు. కాల్షియం ఉండే ఆర్‌ఎల్ సెలైన్‌లో దీన్ని కలపకూడదు. పురిటి పిల్లలకి అది మరీ ప్రమాదం. ఉద్దానం వాళ్లు ఇంకో మాట గుర్తెట్టుకోవాల: దీనితో పాటు వేసే నొప్పి సూదులు, జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి అసలే బలహీనంగా ఉన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ఆర్‌ఎంపీలని తిట్టడానికి రాసినది కాదిది. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. పీహెచ్‌సీలో పరీక్షలు, డాక్సీసైక్లిన్, సాయంత్రం దాకా డాక్టరు ఉంటే సూది కోసం ఎవరూ పరిగెత్తరు. అది సర్కారు చెయ్యాల్సిన పని.

మనం చెయ్యాల్సింది కూడా ఉన్నాది. సూది ముందు అడగండి: 'ఇది ఏ జబ్బుకి? రక్తం తీసినారా? ఎన్నాళ్లు?' పొలానికో, కొండకో ఎల్లొచ్చినట్టయితే ఆ మాట మీరే చెప్పండి. ఒళ్లంతా వెతికి నల్లమచ్చ ఉంటే చూపించండి. సూదేసినా మూడో రోజుకి జొరం దిగకపోతే ఇంకో సీసా అడగొద్దు, పెద్దాస్పత్రికి ఎల్లండి.