కమోలి: వెయ్యి తెరచాపల ఊరు

ఇటలీ వాయవ్య తీరాన లిగూరియా ప్రాంతంలో ఉన్న చిన్న రేవు కమోలి. జెనోవా నగరానికి తూర్పున సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. వెనక ఏటవాలు కొండ, ముందు సముద్రం. మధ్య ఉన్న కాస్త చోటులో ఊరు పక్కలకు పెరగలేక పైకి పెరిగింది. అందుకే తీరం వెంట ఆరేడు అంతస్తుల మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

గోడలకు పసుపు, కావి, గులాబి రంగులు. దూరం నుంచి చూస్తే కిటికీల చుట్టూ చెక్కిన రాతి అంచులు కనిపిస్తాయి. దగ్గరికి వెళితే చాలావరకు బొమ్మలే. నున్నటి గోడ మీద అంచునూ, దాని కింద పడే నీడనూ కుంచెతో దిద్దారు. కొన్నిచోట్ల కిటికీయే బొమ్మ. తిరిగొచ్చే నావికుడు రంగును బట్టి తన ఇంటిని ఆనవాలు పట్టేవాడని చెబుతారు. కమోలి అంటే ‘భార్యల ఇల్లు’ అనీ అంటారు. ఈ వ్యుత్పత్తికి రుజువు లేదు గానీ, మగవాళ్లు నెలల తరబడి సముద్రం మీదే గడిపిన ఊరికి అది అతికింది.

19వ శతాబ్దం కమోలికి మంచి కాలం. ఇక్కడివాళ్ల ఓడలు దూర సముద్రాల్లో సరుకు రవాణా చేశాయి. ఊరికి ‘వెయ్యి తెల్లని తెరచాప ఓడల పట్టణం’ అని పేరు వచ్చింది. ఓడ మునిగితే ఒక్క కుటుంబమే కూలిపోకుండా, నష్టాన్ని అందరూ పంచుకునే పరస్పర బీమా సంఘాన్ని 1853లో పెట్టుకున్నారు. ఆవిరి ఓడల రాకతో తెరచాపల వైభవం పోయింది.

చేపల వేట మాత్రం నిలిచింది. వసంతం నుంచి శరదృతువు దాకా కమోలికీ పుంటా కియాప్పా కొమ్ముకూ మధ్య ‘తొన్నారెల్లా’ అనే వల నిలిపి ఉంచుతారు. తీరం నుంచి లోపలికి సాగే వల గోడ చేపలను దారి మళ్లించి, చివరనున్న వల గదిలోకి చేరుస్తుంది. దాన్ని పడవల మీది నుంచి చేతులతోనే పైకి లాగుతారు. ఈ వలను కొబ్బరి పీచుతో అల్లుతారు. వేట కాలం ముగిశాక కోసి వదిలేస్తే నీళ్లలోనే కుళ్లి కలిసిపోతుంది. అందుకే ఏటా కొత్త వల అల్లాలి.

1952 నుంచి జరుగుతున్న చేపల పండుగ మే నెలలో వస్తుంది. రేవులో దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు మూకుడులో చేపలు వేయించి జనానికి పంచుతారు. ఆగస్టు మొదటి ఆదివారం సముద్ర తార మరియమ్మ పండుగ. పగలు పడవలు వరుసకట్టి పుంటా కియాప్పాకు వెళతాయి. చీకటి పడ్డాక వేల దీపాలను నీటి మీద వదులుతారు.