వార్తల్లో పదం: అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్

కొత్త హెచ్1బి ఉద్యోగ వీసా దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో అమెరికా లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థుల ఇళ్లలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తోంది. దేశం విడిచి వెళ్లకుండానే గ్రీన్‌కార్డు పొందే విధానమిది.

ఎఫ్1 విద్యార్థి వీసాపై ఉన్నవారు అమెరికా పౌరులను పెళ్లాడితే ‘దగ్గరి బంధువు’ విభాగంలోకి వస్తారు. దీనికి ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. జీవిత భాగస్వామి ఐ-130 (బంధుత్వ పిటిషన్), విద్యార్థి ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఒకేసారి దాఖలు చేయవచ్చు. పని అనుమతికి ఐ-765, ప్రయాణానికి ఐ-131 ఉంటాయి. ప్రయాణ అనుమతి చేతికి రాకముందే పండక్కని ఊరికొస్తే సాధారణంగా దరఖాస్తు వదులుకున్నట్లే.

మార్కాపురం, గిద్దలూరుల్లోని తల్లిదండ్రులకూ ఇందులో పని ఉంటుంది. పిల్లల జనన ధ్రువపత్రం కావాలి. జననం నమోదు కాకుంటే స్థానిక అధికారుల నుంచి ‘నమోదు లేదు’ అన్న పత్రం, పదో తరగతి సర్టిఫికెట్ వంటి ఆధారాలు పంపాలి. పెళ్లి ఇక్కడే జరిగితే శుభలేఖ, ఫొటోలు చాలవు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెళ్లి తర్వాత ఇక్కడే ఉండిపోతే దారి వేరు: కాన్సులేట్ ద్వారా వలస వీసా తీసుకోవాలి.

కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు. దాని గడువుకు ముందు 90 రోజుల్లో షరతుల తొలగింపునకు ఐ-751 వేయాలి. కాగితాల కోసమే చేసుకున్న పెళ్లని తేలితే అయిదేళ్ల వరకు జైలు, 2.5 లక్షల డాలర్ల వరకు జరిమానా.