ఖాళీ సంచిలో కూరగాయల పంట

వరి, మక్క మనమే పండిస్తాం. టమాటా మాత్రం అంగట్ల కొంటాం! ధర్మపురిలో ఇరుకిల్లు, జాగా లేదంటారా? మిద్దె చాలు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో మిద్దె మీదే కూరగాయలు పండించి చూపారు.

ఖాళీ బియ్యం సంచికి అడుగున రంధ్రాలు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. కింద ఇటుకలు పెడితే స్లాబుకు చెమ్మ పట్టదు. పాలకూర, మెంతికూర నెల రోజులకే కోతకొస్తాయి. వంగ, టమాటాలకైతే 25-30 రోజుల నారు నాటండి. పేనుబంక కనబడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

పురుగుమందు డబ్బాల్లో మాత్రం మొక్కలు పెట్టొద్దు. అది మన పిల్లలు తినే కూర!